పండగనాడు పొరుగింటికి పెట్టడం

పండగ జరుపుకోలేని ఇంటికి ఇరుగుపొరుగు ఏదో ఒకటి పంపడం కోనసీమ పల్లెల్లో పాత అలవాటు. సంక్రాంతికి అరిసెలు, క్రిస్మస్‌కు చీర, రంజాన్‌కు సేమ్యా, ఇంటిని బట్టి వస్తువు మారుతుంది. అల్లవరం లాంటి ఊళ్లో ఇంటి పక్కన జరిగే ఈ పనికి దానం అనే పెద్ద మాట అతకదు. ఇచ్చే పనులకు తెలుగులో వేరువేరు క్రియలున్నాయి. బిచ్చం వేస్తారు, అప్పు ఇస్తారు, దానం చేస్తారు, అన్నం పెడతారు. వేయడంలో చేతికీ చేతికీ మధ్య దూరముంది. అప్పు ఇవ్వడంలో తిరిగి వస్తుందన్న లెక్క ఉంది. దానం చేయడంలో చేసినవాడి పుణ్యం ఉంది. పెట్టడంలో మాత్రం ఎదుటి మనిషి విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. తల్లి బిడ్డకు పెడుతుంది, ఆడపడుచుకు పసుపుకుంకుమలు పెడతారు, సంక్రాంతినాడు పోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకుంటారు, కూతురికీ అల్లుడికీ జరిపేవాటిని పెట్టుపోతలంటారు. రోజూ ముఖాలు చూసుకునే పొరుగువారికి సాయం చేసేటప్పుడు ఆ పని పెట్టడంగానే నిలుస్తుందా, వేయడంగా జారిపోతుందా? మతాలన్నీ ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్న ప్రశ్న ఇది.

అల్లవరం అమలాపురానికి దక్షిణాన, సముద్రం వైపున్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరి నుంచి విడివడి, ఇప్పుడు అంబేద్కర్ పేరు మోస్తున్న కోనసీమ జిల్లాలో ఇదొక కొస. ఓడలరేవు దాటితే ఇక బంగాళాఖాతమే. కొబ్బరితోటలు, కాలువ కింద వరి, ఒడ్డుకు దగ్గర పడేకొద్దీ రొయ్యల చెరువులు, రేవుల్లో మత్స్యకారుల ఇళ్లు. దూరం నుంచి చూసేవారికి కోనసీమ అంటే పచ్చదనమే. ఆ పచ్చదనంలోనే సొంత సెంటు భూమి లేని కౌలు రైతు ఉన్నాడు, చెట్టెక్కి కాయ దింపే కూలి ఉన్నాడు, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి పంపే డబ్బు కోసం ఎదురుచూసే పిల్లలూ, వాళ్లను సాకే అమ్మమ్మా ఉన్నారు. మామూలు రోజుల్లో తేడా అంతగా బయటపడదు, ఏ ఇంట్లోనైనా ఉడికేది అన్నమూ పప్పుచారే. భోగికి వారం ముందు మాత్రం ఒక ఇంట్లోంచి బెల్లం పాకం వాసన వస్తుంది, పక్కింట్లోంచి రాదు. లేమిని అందరికీ వినపడేలా చాటేది పండగే. అందుకే సాయం గురించిన ఆలోచన కూడా పండగ చుట్టూనే అల్లుకుంది.

సంక్రాంతి పంట పండగ. ఇచ్చిపుచ్చుకోవడం ఒకప్పుడు కళ్లంలోనే మొదలయ్యేది. ధాన్యం తూర్పారబట్టి రాశి పోశాక, అది రైతు ఇల్లు చేరకముందే చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేర కొలిచేవారు. కోస్తా జిల్లాల పాత రెవెన్యూ రికార్డుల్లోకి కూడా ఎక్కిన మాట ఇది. ఏడాది పొడుగునా చేసిన పనికి అది వాటా. కొలతలో తగ్గితే గట్టిగా అడిగే హక్కు పుచ్చుకునేవాడికి ఉండేది. ఆ హక్కుతో పాటు కులం వేసిన కట్టు కూడా ఉండేది. మేర పుచ్చుకునేవాడు ఆ పని మానలేడు, అతని కొడుకూ మానలేడు. పొలంలో అందరికంటే ఎక్కువ చెమటోడ్చిన కూలీ అంటరానివాడన్న పేరుతో ఎడంగా నిలబడి పుచ్చుకోవలసి వచ్చేది. పాతకాలంలో ఊరంతా ఒక్క కుటుంబంలా పెట్టుకుని తినేదని మురిసిపోయేవాళ్లు ఈ సగాన్ని మరిచిపోతారు. అలా నిలబడి పుచ్చుకోవడానికి ఒప్పుకోని తరం వచ్చిందంటే అది కృతఘ్నత వల్ల కాదు. పెట్టే పద్ధతిలోనే ఉన్న అవమానాన్ని ఆ తరం గుర్తుపట్టింది.

కళ్లం మీద ఆధారపడిన సాయానికి ఇంకో బలహీనత ఉంది. పంట లేకపోతే అదీ లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాల్లో నాట్లు మానేశారు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చులు పెరిగాయి, మురుగు కాలువలు పూడిపోయి పల్లపు చేలు మునుగుతున్నాయి. రైతుల కోపం న్యాయమైనదే. కానీ నాట్లు, కోతలు తప్ప మరో ఆధారం లేని కూలి కుటుంబానికి ఆ ఏటి సంక్రాంతి రెండు వైపులా మూసుకుపోయింది. పని లేదు, పెట్టే ఇంటికీ ధాన్యం లేదు. సాయం అవసరం ఎక్కువైన ఏడాదే సాయం చేసే చేతులు కూడా ఖాళీ అవుతాయి. వ్యవసాయం మీద బతికే ఏ ఊరికైనా ఇది తప్పదు.

అడగడంలోని బాధను తగ్గించడానికి పల్లె కొన్ని ఉపాయాలు కనిపెట్టింది. హరిదాసు వాటిలో ఒకటి. ధనుర్మాసంలో తెల్లవారుజామున, తలమీద గుమ్మడికాయ ఆకారపు అక్షయపాత్రతో, చేతుల్లో చిడతలూ తంబురతో వీధిలోకి వస్తాడు. నోరు తెరిచి ఏమీ అడగడు, కీర్తన పాడుకుంటూ నడుస్తాడు. గిన్నెలో బియ్యం పట్టుకుని చిన్నపిల్ల గడప దాటి వస్తే ఆ చేయి అందేలా కిందికి వంగుతాడు. ముగ్గు తొక్కకుండా పక్కగా నిలబడి ఆ పిల్ల బియ్యం పోస్తుంది. ఇంటివారి దృష్టిలో ఆ బియ్యం చేరేది హరికే. పాటా, పాత్రా, వేషమూ ఉన్నాయి కాబట్టి హరిదాసు గౌరవం చెక్కుచెదరదు. భర్త పోయిన పక్కింటామెకు ఇవేవీ లేవు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆమె అడగదు. పండగ మూడు రోజులూ తలుపు దగ్గరగా వేసుకుంటుంది. ఊరి ధర్మానికి అసలు పరీక్ష ఆ తలుపు దగ్గరే.

శాస్త్రాలు ఈ విషయంలో ఇచ్చేవాడి మనసును చాలా లోతుగా పరిశీలించాయి. భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విడదీస్తుంది. ఇవ్వడం తన విధి అనుకుని, తిరిగి ఏమీ చేయలేనివాడికి, తగిన చోట, తగిన సమయంలో ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం కోసమో మనసొప్పకో ఇచ్చేది రాజసం. మర్యాద లేకుండా, చులకన చేస్తూ ఇచ్చేది తామసం. ఎంత ఇచ్చారన్న ప్రస్తావన ఈ విభజనలో ఎక్కడా లేదు. తైత్తిరీయోపనిషత్తు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇచ్చేవాడు సిగ్గుతో ఇవ్వాలంటుంది. సిగ్గు పుచ్చుకునేవాడి వంతు అని లోకం అనుకుంటుంది, ఉపనిషత్తు దాన్ని ఇచ్చేవాడి వైపుకు మార్చింది. తనకు ఉండడమూ ఎదుటివాడికి లేకపోవడమూ తన గొప్ప కాదని తెలిసినవాడికే ఆ సిగ్గు కలుగుతుంది. పోతన భాగవతం చదివిన తెలుగువారికి దీనికి ఎదురు ఉదాహరణ బలి చక్రవర్తి. గురువు వారించినా మాట తప్పకపోవడం అతని గొప్పతనం. విష్ణువంతటివాడి చేయి కిందా తన చేయి పైనా ఉంటుందన్న ఆనందంలో మాత్రం, తల మీద పాదం పడేదాకా వదలని అహంకారం ఛాయ ఉంది.

పాత్రత అన్న మాట మరో చిక్కు తెచ్చింది. పాత్ర అంటే గిన్నె, పాత్ర అంటే తగినవాడు కూడా. అపాత్రదానం కూడదన్న సూత్రం వేదం చదివినవాడికి ఇవ్వమని చెప్పడానికి పుట్టింది. వాడుకలో అది లేనివాణ్ని బోనులో నిలబెట్టే మాటగా మారింది. బియ్యం ఇస్తే అమ్ముకుంటాడేమో, డబ్బిస్తే తాగుతాడేమో, ఆమె కొడుకు హైదరాబాదులో ఉన్నాడు కదా, ఇలా సాగుతుంది విచారణ. ఈ ప్రశ్నలన్నీ తప్పని కాదు. సాయం నిజంగా అవసరమైన ఇంటికి చేరాలంటే వివరం తెలియాలి. కానీ అరిసె ముక్క పెట్టే ముందు నడవడిక ధ్రువపత్రం అడిగే ఇల్లు పెట్టనే లేదన్న లెక్క. ఆకలికి మించిన పాత్రత పండగ పూట ఇంకేముంటుంది?

ఇంకా బరువైన మాట ఒకటుంది. అదృష్టవంతుణ్ని పెట్టి పుట్టాడంటారు. పూర్వజన్మలో నలుగురికి పెట్టాడు కాబట్టి ఈ జన్మలో కలిగింది అని అర్థం. పెట్టడానికి ఇంతకంటే పెద్ద ప్రోత్సాహం లేదు, లేనివాడికి ఇంతకంటే పెద్ద నిందా లేదు. ఉన్నవాడు పెట్టి పుట్టాడంటే లేనివాడు పెట్టక పుట్టాడనే కదా. కర్మ సిద్ధాంతాన్ని అడ్డం పెట్టుకుని చేయి ముడుచుకున్నవాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. అయితే ఆ సిద్ధాంతం తన కర్మను తాను చూసుకోవడానికి చెప్పింది, పొరుగువాడి జాతకం చదవడానికి కాదు. మహాభారతం అశ్వమేధ పర్వంలోని ముంగిస కథ దీన్ని గట్టిగా చెబుతుంది. కరువులో చాలా రోజుల తర్వాత దొరికిన పేలపిండిని ఒక పేద కుటుంబం అతిథికి పెట్టేసింది. ఆ నేల మీద మిగిలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది. రెండో సగం కోసం ధర్మరాజు యాగశాలలో ఎంత పొర్లినా లాభం లేకపోయింది. ఆ కథలో లేనివాడే పెట్టాడు, రాజసూయ అశ్వమేధాలు చేసిన రాజు అతని ముందు తగ్గాడు. పేదరికం పెట్టని పాపానికి ఫలమని చెప్పేవాళ్ల దగ్గర ఈ ముంగిసకు జవాబు లేదు.

స్త్రీల నోముల్లో పుచ్చుకునేవారి గౌరవాన్ని కాపాడే అందమైన పద్ధతి ఉంది. చాటలో వాయనం పెట్టి, పైన మరో చాట మూసి, కొంగు కప్పి అందిస్తారు. ఇచ్చానని ఒకరు, పుచ్చుకున్నానని ఒకరు మూడుసార్లు చెప్పుకుంటారు. పుచ్చుకునే ఆమె ఆ క్షణంలో సాక్షాత్తు గౌరి, ఇచ్చే ఆమె కాళ్లకు పసుపు రాసి దండం పెడుతుంది. ఇంత మర్యాదతో ఇచ్చే పద్ధతి మరెక్కడైనా ఉందా అనిపిస్తుంది. కానీ ఆ పేరంటానికి ముత్తయిదువలనే పిలుస్తారు. సంపాదించే భర్త పోయి, అందరికంటే ఎక్కువ అవసరంలో ఉన్న ఆడమనిషికి ఆ గడప లోపలికి పిలుపు లేదు. గౌరవం ఒక వైపూ అవసరం మరో వైపూ ఉండిపోయాయి. హిందూ గృహధర్మంలో ఇంతకంటే తక్షణం సరిదిద్దుకోవలసినది మరొకటి లేదేమో.

కోనసీమ పల్లెల్లో చర్చి ఈ ఖాళీని చాలావరకు పట్టించుకుంది. గోదావరి డెల్టాలో ప్రొటెస్టెంట్ మిషన్ పని 1830ల్లో, నరసాపురం కేంద్రంగా మొదలైంది. విధవరాండ్రనూ దిక్కులేనివారినీ ఆదుకోవడమే నిజమైన భక్తి అని బైబిలు చెప్పిన మాటను ఇక్కడి సంఘాలు క్రిస్మస్‌తో ముడిపెట్టుకున్నాయి. డిసెంబరు మొదలవగానే వచ్చే సెమీ క్రిస్మస్ కూడికల్లో భర్త పోయిన స్త్రీలను ముందు వరసలో కూర్చోబెట్టి చీరలు పెడతారు. అదే బైబిలు కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని కూడా అంటుంది. మైకులో పేర్లు చదివి, ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచే చోట ఆ మాట వెనకబడిపోతుంది. ముస్లింల ఫిత్రాకు ఇంకో రకమైన నేర్పుంది. ఇంట్లో పసిబిడ్డతో సహా తలకు ఇంత ధాన్యమనో దాని వెల అనో లెక్కగట్టి, ఈద్ నమాజుకు ముందే పేదలకు చేర్చాలి. అందరూ ఒకేసారి పండగ చేసుకోవాలన్నది దీని ఉద్దేశం. నమాజు అయ్యాక ఇస్తే మామూలు దానమే అవుతుంది, ఫిత్రా కాదు. పేదవాడి ఇంట్లో పొయ్యి వెలగడాన్ని ఇంత కచ్చితంగా గడియారానికి కట్టిన నియమం మరో మతంలో కనబడడం కష్టం.

గుప్తదానం గొప్పదని దాదాపు అందరూ అంటారు. 12వ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమొనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా పేర్చి, ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఒకరికొకరు తెలియని దానాన్ని రెండో మెట్టులో పెట్టాడు. పైమెట్టు మీద ఉన్నది పనో, అప్పో, భాగస్వామ్యమో ఇచ్చి మనిషిని తన కాళ్ల మీద నిలబెట్టడం. పైమెట్టు గురించి వాదన అక్కర్లేదు. కౌలు రైతుకు సరైన పత్రం, కూలికి పని దొరికితే సంక్రాంతి సంచీల అవసరమే తగ్గుతుంది. రెండో మెట్టు మాత్రం నగరంలో సాధ్యం కానీ, ఎవరి ఇంట్లో ఏ కూర వండారో వాసనను బట్టి తెలిసే ఊళ్లో కాదు. పల్లెలో దాపరికం కంటే మర్యాద మీదే ఆధారపడాలి.

ఆ మర్యాదకు నిలువెత్తు ఉదాహరణ కోనసీమలోనే ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) వచ్చినవారికి లేదనకుండా జీవితమంతా వండి పెట్టింది. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు పూటకూళ్లూ హోటళ్లూ అంతగా లేని కాలమది. ఆమె ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిందనీ, దారిలో ఆకలితో నకనకలాడుతున్న ఒక కుటుంబం సీతమ్మ గారి ఇల్లు చేరితే చాలు అన్నం దొరుకుతుందని పిల్లల్ని ఓదార్చడం విన్నదనీ, వెంటనే పల్లకీ వెనక్కి తిప్పించిందనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. దేవుడి దగ్గరికి వెళ్లే దారిలో వెనక్కి తిరగడం తప్పు అని ఆ ప్రాంతంలో ఏ భక్తుడూ అనలేదు. ఆ కథలో ఇంకో విశేషం కూడా ఉంది. ఆ కుటుంబం ఆమెను ఏమీ అడగలేదు. అక్కడికి వెళ్తే పెడతారన్న నమ్మకమే వాళ్లను నడిపించింది. అడగవలసిన అవసరం ముందే తీసేయడం ఆమె పెట్టిన అన్నంలో అతి పెద్ద భాగం. గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకం కూడా ఆమె పేరుతోనే నడుస్తోంది. బడిలో అందరు పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తింటారు కాబట్టి, ఆ పేరు సరైన చోటే పడింది.

ప్రభుత్వం కూడా పండగ సాయంలోకి వచ్చింది. 2015 సంక్రాంతికి తెల్లకార్డు ఉన్న ఇళ్లకు కందిపప్పు, శనగపప్పు, బెల్లం, గోధుమపిండి, నూనె, నెయ్యి కానుకగా ఇవ్వడం మొదలైంది, క్రిస్మస్‌కూ రంజాన్‌కూ అలాంటివే వచ్చాయి, 2019లో ఆగిపోయాయి. చౌకడిపో ముందు వరస చాలామందిది కాబట్టి ఒక్కరికే తలవంపు ఉండేది కాదు. అది దాని మేలు. యువజన సంఘాలు, పూర్వవిద్యార్థులు, విదేశాల్లో ఉన్న ఊరివాళ్లు పంపే డబ్బుతో పంచే సంచీల్లో ఆ మేలు ఒక్కోసారి ఫోటో దగ్గర పోతుంది. బియ్యం సంచీని ఒక చివర నలుగురు పట్టుకుంటారు, మరో చివర ఒక ముసలామె పట్టుకుంటుంది. నలుగురూ కెమెరాలోకి చూస్తారు. ఆమె చూపు నేల మీద ఉంటుంది. ఆ ఫోటో సాయంత్రానికి ఊరందరి ఫోన్లలో ఉంటుంది, ఆమె మనవడి క్లాసులో పిల్లల ఇళ్లలోనూ ఉంటుంది. డబ్బు పంపినవారికి లెక్క చెప్పాలి నిజమే. సంచీల ఫోటో, దుకాణం రసీదు ఆ పనికి సరిపోతాయి. ఆమె ముఖం లెక్కలోకి రావలసిన వస్తువు కాదు.

సిగ్గు లేకుండా పుచ్చుకునే సందర్భం ఒకటి ఈ పల్లెల్లో ముందు నుంచీ ఉంది. ఏడాదిలోపు మనిషి పోయిన ఇంట్లో పండగ చేసుకోరు, పిండివంటలకు మూకుడు పెట్టరు. ఆ ఇంటికి చుట్టాలూ ఇరుగుపొరుగూ అరిసెలు, జంతికలు పంపుతారు. ఆ ఇంటివారు చేసుకోలేకపోవడం వారి తప్పని ఎవరూ అనుకోరు. ఎందుకు చేసుకోలేదని అడగరు, పంపినవాళ్లు గొప్పా చెప్పుకోరు. వచ్చే ఏడు ఏ ఇంటికి ఆ వంతు వస్తుందో ఎవరికీ తెలియదు. డబ్బు లేక మూకుడు పెట్టని ఇంటిని కూడా ఇదే కంటితో చూడడానికి కొత్త ఆచారమేదీ కనిపెట్టనక్కర్లేదు, ఉన్నదాన్ని ఒక గడప అవతలికి జరిపితే చాలు.

పంపిన గిన్నె తిరిగి వచ్చే తీరు కూడా గమనించదగ్గది. పొరుగింటి గిన్నెను ఖాళీగా పంపకూడదంటారు. అరిసెలు వచ్చిన స్టీలు గిన్నె కడిగి, తుడిచి, మర్నాడు అందులో చెంచాడు పంచదారో, పెరట్లో కోసిన నాలుగు ములక్కాడలో, కరివేపాకు రెబ్బో పెట్టి పంపుతారు. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మౌస్ 1925లో ప్రచురించిన తన ప్రసిద్ధ వ్యాసంలో, తిరిగి ఇవ్వలేని బహుమతి పుచ్చుకున్నవాడిని తక్కువ చేస్తుందని వాదించాడు. గీత ఏమో తిరిగి ఇవ్వలేనివాడికి ఇచ్చినదే ఉత్తమమంటుంది. రెండూ నిజమే, రెండింటి మధ్య ఇరుక్కునేది పుచ్చుకునే మనిషి. కరివేపాకు రెబ్బ అరిసెల వెలకు సమానమని ఎవరూ అనుకోరు, కాబట్టి ఇచ్చినవాడి దానం వ్యాపారమై పోదు. గిన్నె ఖాళీగా వెళ్లలేదు కాబట్టి పుచ్చుకున్నామె కూడా పెట్టిన మనిషే. సంచీలు పంచే సంఘాలకు ఈ తిరుగు గిన్నె దారి లేదు. పుచ్చుకున్న ఇంటి ఆడవాళ్లనే వచ్చే ఏడు సంచీలు కట్టడానికి, జాబితా రాయడానికి పిలిస్తే ఆ దారి కొంత తెరుచుకుంటుంది. ఏ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉందో అందరికంటే వాళ్లకే బాగా తెలుసు.

చివరగా కాలం సంగతి. అవసరం పండగను చూసి రాదు. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమ మీద విరుచుకుపడి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, తరాలుగా కుటుంబాలను పోషించిన కొబ్బరిచెట్లను కూల్చేసింది. అప్పటికి దీపావళి నాలుగు రోజులే ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఉగాది అయిపోయాక వచ్చే ఆ రెండు నెలల్లో ఓడలరేవు లాంటి తీరపు ఊళ్లలో చేతిలో డబ్బాడదు. పంచాంగంలో ఆ రోజులకు పండగ గుర్తు లేదు, సంచీలు పంచేవారూ రారు. పండగ సాయానికి ఉన్న ఈ లోటును పూడ్చేది పిడికెడు బియ్యం పద్ధతి. రోజూ ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. కంచి పరమాచార్య గుడులలో అన్నం పెట్టడానికి దీన్ని ప్రోత్సహించారు, తెలుగు సంఘాల్లో క్రైస్తవ స్త్రీలూ ఇదే చేస్తారు. దీనికి కళ్లం అక్కర్లేదు, గల్ఫ్ డబ్బు అక్కర్లేదు, బాగా లేనివారు కూడా ఒక పిడికెడు తీయగలరు. నెలాఖరుకు డబ్బా నిండుతుంది. వేట ఆగిన వైశాఖంలోనూ, నాట్లు పడని ఆషాఢంలోనూ పక్కింటికి మోసుకెళ్లడానికి అందులో బియ్యం ఉంటాయి.